ఎదుగుదలలో వెనుకబడిన పసిబిడ్డలు: తొలినాటి తోడ్పాటు

బిడ్డ బోర్లపడిననాడు బొబ్బట్లు, అడుగులు వేసిననాడు అరిసెలు, పలుకులు వచ్చిననాడు పంచదార చిలుకలు పంచిపెట్టుట మన తెలుగిండ్లలో తరతరాలుగా వచ్చుచున్న వాడుక. ఇరుగుపొరుగువారి నోరు తీపిచేయుటకు మాత్రమే ఈ వేడుకలు పుట్టినవని అనుకొనరాదు. బిడ్డ ఎదుగుదలకు ఒక క్రమము కలదనియు, అందలి ఒక్కొక్క మెట్టును ఇంటిల్లిపాదియు గమనించుచుండవలెననియు మన పెద్దలు ఎరిగియుండిరి. అక్షరము రాని అవ్వ సైతము పొరుగింట బొబ్బట్లు పంచి ఎన్ని నెలలైనదో, అరిసెల కబురు ఇంకను ఏల రాలేదో మనసులో లెక్కపెట్టుకొనుచుండెడిది. నేటి శిశువైద్యులు ఎదుగుదల పట్టిక అని పిలుచునది దాదాపుగా ఈ లెక్కయే.

అరిసెల కబురు వేళకు రాని ఇల్లు ఏమి చేయవలెను? ఎంతకాలము వేచియుండవచ్చును? ఎవరిని అడుగవలెను? ఎచ్చటికి పోవలెను? అచ్చట ఏమి చేయుదురు? ఈ ప్రశ్నలకు మనకు తెలిసినంతవరకు సమాధానములు చెప్పుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము. ఈ సమాధానములు తెలియకపోవుటవలన ఎందరో బిడ్డలు తమకు మిక్కిలి విలువైన మొదటి రెండు మూడు సంవత్సరములను కోల్పోవుచున్నారు. కనుకనే ఈ విషయమును కొంత వివరముగా విన్నవింపదలచినాము.

ముందుగా ఏది ఆలస్యమో, ఏది కాదో తెలిసికొందము. పిల్లలందరును ఒకే దినమున నడువరు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఇండియా, ఘనా, నార్వే, ఒమాన్, అమెరికా దేశములలో ఆరోగ్యవంతులైన శిశువులను గమనించి, 2006లో కొన్ని హద్దులను ప్రకటించిరి. వాని ప్రకారము ఆధారము లేకుండ కూర్చుండుట సుమారు 4 నెలలు మొదలు 9 నెలల లోపలను, పట్టు లేకుండ నడచుట సుమారు 8 నెలలు మొదలు పదునేడున్నర నెలల లోపలను వచ్చును. కొందరు శిశువులు ప్రాకకయే లేచి నడచిరని కూడ ఆ పరిశీలనలో తేలినది. కావున పొరుగింటి బిడ్డ 10 నెలలకు నడచినదని, 13 నెలల మన బిడ్డను చూచి దిగులుపడ నక్కరలేదు. ఐనను ఆ హద్దులకు కడపటి అంచు ఒకటి కలదు. దానిని దాటిన పిమ్మట కూడ తొందర యేమియు లేదని కూర్చుండుట తగదు.

నెలలు నిండక పుట్టిన బిడ్డల విషయమున ఒక సవరణ చేసికొనవలెను. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు 8 నెలల వయస్సు వచ్చినపుడు, 6 నెలల బిడ్డ చేయు పనులను మాత్రమే ఎదురుచూడవలెను. ఈ సవరణను సుమారు రెండేండ్ల వరకు పాటింతురు.

ఇక జాగ్రత్తపడవలసిన గుర్తులను చెప్పుదుము. మూడు నెలలు నిండినను తల్లి ముఖము చూచి నవ్వని బిడ్డ. అయిదు నెలలకు మెడ నిలుపని బిడ్డ. పది నెలలకు ఆధారము లేక కూర్చుండని బిడ్డ. ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచినపుడు తిరిగి చూడని బిడ్డ. ఆ వయస్సునకు ‘బాబా’, ‘తాతా’ వంటి ముద్దు పలుకులైనను పలుకని బిడ్డ. ఏడాదిన్నరకు అడుగు వేయని, ఒక్క మాటయు రాని, కావలసిన వస్తువును వ్రేలితో చూపని బిడ్డ. రెండేండ్లకు ‘పాలు కావాలి’, ‘అమ్మా రా’ అని రెండు మాటలను కలుపలేని బిడ్డ. వీరిలో ఎవరినైనను వైద్యునకు చూపవలెను. కాళ్లుచేతులు కట్టెవలె బిగిసియుండుట, లేదా గుడ్డపేలికవలె జారిపోవుట, ఏడాది నిండకముందే ఒక చేతినే వాడి రెండవదానిని కదల్చకుండుట కూడ గమనింపదగినవి. అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు మరియొకటి కలదు. వచ్చిన మాట పోవుట, నేర్చిన పని మరచుట. ఇది ఏ వయస్సున కనబడినను ఒక్క వారమైనను ఆగరాదు.

పుట్టిన వెంటనే ఏడువని బిడ్డ, మిక్కిలి తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, పచ్చకామెర్లు తీవ్రముగా వచ్చిన బిడ్డ, తొలి దినములలో మూర్ఛలు వచ్చినట్టి బిడ్డ, మెదడు పొరల వాపునకు గురియైన బిడ్డ – ఇట్టివారి విషయమున గుర్తులు కనబడువరకు వేచియుండనవసరము లేదు. ఆస్పత్రి నుండి ఇంటికి పోవునాడే తరువాతి పరీక్షల తేదీలను అడిగి వ్రాయించుకొనవలెను.

ఇంత తొందర యెందులకు? పుట్టిననాటి మెదడు బరువు పెద్దవారి మెదడులో సుమారు నాల్గవ వంతు. రెండేండ్లు నిండునప్పటికి అది సుమారు ముప్పాతిక వంతునకు వచ్చును. ఆ కాలమున నరములకు నరములకు నడుమ లెక్కకు మిక్కిలియైన సంబంధములు ఏర్పడుచుండును. చూపు, వినికిడి, స్పర్శ, ఆట, మాట – వీనిచే నిత్యము వాడుకలోనున్న సంబంధములు గట్టిపడును. వాడుక లేనివి క్రమముగా తొలగిపోవును. దెబ్బతిన్న భాగమునకు మారుగా మరియొక భాగము పనిని నేర్చుకొనుట కూడ లేతవయస్సున ఎక్కువగా సాధ్యము. కండరముల మాటయు ఇట్టిదే. బిగిసిన కాలిని ఏండ్ల తరబడి అట్లే విడిచిపెట్టినచో కండరము కురుచయగును, తుంటికీలు తప్పవచ్చును. మొదట వ్యాయామముతో సరిపోవలసినది పిమ్మట శస్త్రచికిత్సకు దారితీయును.

వినికిడి ఇందులకు చక్కని తార్కాణము. చెవి వినబడని బిడ్డకు మాట రాదు. తక్కిన బుద్ధి యంతయు సరిగానే యుండవచ్చును. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున జరిగి 1998లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ఆరు నెలల లోపల వినికిడి లోపము తెలిసి సహాయము పొందిన పిల్లలు, తరువాత తెలిసినవారికంటె భాషలో ముందంజలో నుండిరని తేలినది. అందుచేతనే ఒకటవ నెలలోపల పరీక్ష, మూడవ నెలలోపల నిర్ధారణ, ఆరవ నెలలోపల చికిత్స అను సూత్రమును నిపుణులు పాటించుచున్నారు. బిడ్డ నిద్రించుచుండగనే చెవిలో చిన్న గొట్టమునుంచి చేయు ఈ తొలి పరీక్షకు కొద్ది నిమిషములే పట్టును, నొప్పి యుండదు. పుట్టుచెవుడు, మరికొన్ని వంశానుగత వ్యాధులు మేనరికపు సంబంధములలో ఎక్కువగా కనబడును. కావున అట్టి ఇండ్లవారు ఈ పరీక్షను తప్పక చేయించవలెను. థైరాయిడ్ గ్రంథి లోపము మరియొక ఉదాహరణము. పుట్టిన కొద్ది దినములలోనే రక్తపరీక్షవలన దీనిని కనుగొని, మొదటి రెండు వారములలో మాత్రలు మొదలుపెట్టినచో బిడ్డ బుద్ధి మామూలుగా వికసించును. గుర్తింపక విడిచినచో కలిగెడి నష్టమును తరువాత ఏ మందును పూర్తిగా పూడ్చలేదు.

ఇన్ని తెలిసియు మన ఇండ్లలో ఆలస్యమేల జరుగుచున్నది? ‘వాని మేనమామకు కూడ నాలుగేండ్లకు గాని మాటలు రాలేదు’ అను మాట మనమందరము విన్నదే. మేనమామకు వచ్చినమాట నిజమే కావచ్చును. కాని మేనమామ పిలిచినపుడు పలికెడివాడా, వ్రేలితో చూపెడివాడా, తోటిపిల్లలతో ఆడెడివాడా అని ఎవరును విచారింపరు. మాట యొక్కటియే ఆలస్యమై తక్కినవన్నియు సరిగానున్న బిడ్డ వేరు. మాటతోపాటు చూపు, సైగ, ఆట కూడ వెనుకబడిన బిడ్డ వేరు. ఆ భేదమును తెలిసికొనుటకే పరీక్ష కావలెను. మాటలు వచ్చుటకు వస పోయుట మన పాత వాడుక. కొందరు గుడులకు మ్రొక్కుకొందురు. మ్రొక్కుబడులను ఎవరును కాదనరు. మ్రొక్కు తీరువరకు వైద్యుని చూడమనుట మాత్రము బిడ్డకు అన్యాయము. గ్రహణమునాడు తల్లి కత్తిపీట ముట్టుటవలన ఇట్లైనదని కోడలిని నిందించు ఇండ్లు నేటికిని కలవు. గ్రహణమునకును బిడ్డ మెదడునకును సంబంధము లేదు. నిందకు జడిసిన తల్లి బిడ్డను నలుగురిలోనికి తీసికొనిరాదు. ఆ దాపరికములో నెలలు గడచిపోవును.

ఇక ఎచ్చటికి పోవలెనను ప్రశ్న. మన ఊరి అంగన్‌వాడీతోనే మొదలుపెట్టవచ్చును. గర్భిణులకు ఇచ్చెడి తల్లీబిడ్డల రక్షణ కార్డులో టీకాల పట్టికతోపాటు బిడ్డ ఏ నెలలో ఏమి చేయవలెనో బొమ్మలతో సహా ముద్రించియుండును. టీకా వేయించినపుడు ఆ పుటను కూడ తిరుగవేసి చూడుడని మా మనవి. కేంద్రప్రభుత్వమువారు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును ప్రారంభించిరి. పుట్టుకతో వచ్చు లోపములు, పోషకాహార లోపములు, బాల్యవ్యాధులు, ఎదుగుదలలో జాప్యములు అను నాలుగు తరగతులక్రింద 30 విధములైన ఇబ్బందులను పుట్టిననాటినుండి 18 ఏండ్లవరకు గుర్తించుట దాని లక్ష్యము. ఆ కార్యక్రమ నియమముల ప్రకారము ఆరు వారముల లోపలి శిశువును ఆశా కార్యకర్త ఇంటియొద్దనే చూడవలెను. ఆరు వారముల మొదలు ఆరేండ్లవరకు గల బిడ్డలను సంచార వైద్యబృందము ఏడాదికి రెండుమారులు అంగన్‌వాడీలో పరీక్షింపవలెను. వికలత్వముగల బిడ్డల కొరకు అంగన్‌వాడీలు అనుసరింపవలసిన పద్ధతిని కూడ 2023 నవంబరులో ప్రకటించిరి. బృందము మన ఊరికి వచ్చిననాడు బిడ్డ ఇంటలేకపోవచ్చును, లేదా బృందమే రాకపోవచ్చును. అంతమాత్రమున ఆగనక్కరలేదు. తలిదండ్రులు తామై బిడ్డను ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు గాని, జిల్లా ఆస్పత్రిలోని పిల్లల విభాగమునకు గాని తీసికొనిపోవచ్చును.

ఈ కార్యక్రమము క్రింద జిల్లాలలో సత్వర చికిత్సా కేంద్రములు ఏర్పడినవి. ఆస్పత్రిలో దారి అడుగునపుడు డీఈఐసీ ఎచ్చట అని అడిగినచో చూపుదురు. శిశువైద్యుడు, ఫిజియోథెరపిస్టు, వినికిడి–మాట నిపుణుడు, మనస్తత్వ నిపుణుడు, కంటిచూపు పరీక్షకుడు, ప్రత్యేక ఉపాధ్యాయుడు – వీరందరును ఒకేచోట నుండవలెననుట ఆ కేంద్రముల ఏర్పాటు. అన్నిచోటుల అన్ని పదవులును నిండియుండవు. కావున పోవుటకు ముందు ఏ నిపుణుడు ఏ వారమున ఉండునో ఆశా కార్యకర్త ద్వారా విచారించుకొనినచో కూలి మానుకొని, బస్సు ఛార్జీలు పెట్టుకొని పోయిన శ్రమ వ్యర్థము కాదు.

సికింద్రాబాదులోని మనోవికాసనగరమున 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వెలసినది. బుద్ధివికాసమున వెనుకబడినవారి సేవకై దేశమంతటికిని ముఖ్యస్థానమైన ఈ సంస్థ మన తెలుగునేలపై నుండుట మనకు కలిగిన సదుపాయము. నేడు దీని పేరు మేధోవైకల్యముగలవారి సాధికారతా జాతీయ సంస్థ; వాడుకలో నీపిడ్ అందురు. 2021 జూన్ 17న దేశమున 14 చోట్ల అన్నివిధముల వికలత్వములకు ఒకే కప్పుక్రింద తోడ్పడు శిశుకేంద్రములు ప్రారంభమైనవి. ఆరేండ్లలోపు బిడ్డలకు ఉద్దేశింపబడిన ఆ కేంద్రములలో సికింద్రాబాదులోనిది ఒకటి, నెల్లూరులోని సంయుక్త ప్రాంతీయ కేంద్రములోనిది మరియొకటి. వినికిడి లోపముల కొరకు బొంబాయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు చెందిన ప్రాంతీయ శాఖ కూడ మనోవికాసనగరమున కలదు. బడియీడు సమీపించిన బిడ్డలకు మండలములలో సమగ్రశిక్షవారి భవిత కేంద్రములు తోడ్పడుచున్నవి. చెన్నపట్టణము, ముంబయి, ఢిల్లీ, కలకత్తాలలో స్థిరపడిన తెలుగువారికి ఆయా నగరములలోనే ఇట్టి జాతీయ సంస్థల కేంద్రములు కలవు.

అచ్చట ఏమి చేయుదురని సంశయించువారు కలరు. సూదులు, మందులు ఇచ్చెడి చోటు కాదది. మొదట బిడ్డను ఆడించుచు పరీక్షింతురు. కన్ను, చెవి, రక్తము పరీక్షలు అవసరమైనచో వ్రాయుదురు. పిమ్మట మూడు నెలలలో సాధింపదగిన చిన్నచిన్న లక్ష్యములను నిర్ణయింతురు. ‘బిడ్డ మామూలుగా కావలెను’ అనునది లక్ష్యము కాదు. ‘దిండు ఆసరాతో అయిదు నిమిషములు కూర్చుండవలెను’, ‘దాహమైనపుడు గ్లాసును చూపవలెను’ అనునవి లక్ష్యములు. వానిని సాధించు పద్ధతిని తల్లికి నేర్పుదురు. వారమునకు ఒకమారు అరగంట నిపుణునియొద్ద గడపిన బిడ్డ తక్కిన వారమంతయు ఇంటనే యుండును గదా. కనుక అసలైన చికిత్స జరుగుచోటు ఇల్లే. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున పోర్టేజ్ అను పల్లెపట్టణమున 1969లో ఈ భావముతోనే ఒక పద్ధతి మొదలైనది. నిపుణుడు ఇంటికి పోయి తల్లికి నేర్పును. తల్లి దినదినము బిడ్డకు నేర్పును. వారము తరువాత ఇద్దరును కలిసి ఫలితమును చూతురు. ఆ పద్ధతి దేశదేశములకు వ్యాపించి మన దేశమునకును వచ్చినది.

ఇంటి పనులలోనే ఈ తోడ్పాటు ఎట్లు ఇముడునో రెండు మూడు ఉదాహరణములతో చెప్పుదుము. కాళ్లు బిగిసి కత్తెరవలె ఒకదానిపై నొకటి పడు బిడ్డను పొత్తిగుడ్డలో చుట్టి రెండుచేతులపై పరుండబెట్టి మోయుటకంటె, కాళ్లు చెరియొకవైపునకు వచ్చునట్లు చంకనెక్కించుకొని మోయుట మేలు. కాళ్లు విడివడి, నడుము నిలిచి, బిడ్డకు లోకము కనబడును. మన స్త్రీలు నిత్యము చేయునదే ఇది. మరియొక పాత వాడుక మాత్రము మానవలసినది. కాళ్లు చాపుకొని, వానిపై బిడ్డను వెల్లకిల పరుండబెట్టి ఉగ్గుగిన్నెతో పోయుదురు. మెడ నిలువని, మ్రింగుట సరిగా రాని బిడ్డకు ఇట్లు పోసినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు. అట్టి బిడ్డను తల కొంచెము ముందుకు వంగునట్లు నిటారుగా ఒడిలో కూర్చుండబెట్టుకొని కొద్దికొద్దిగా పెట్టవలెను. ఇక మాట విషయము. స్నానము చేయించుచు ‘ఇది నీ చేయి, ఇది నీళ్లు’ అని చెప్పి, చెప్పిన పిమ్మట ఒక్కక్షణము ఆగవలెను. బిడ్డ కన్ను త్రిప్పినను, చేయి ఊపినను, ఊకొట్టినను అది జవాబే. దానికి మరల మనము బదులు చెప్పవలెను. మాట ఇట్లే ఇచ్చిపుచ్చుకొనుటవలన పుట్టును. సెల్‌ఫోనులో పాటలు పెట్టి బిడ్డను కూర్చుండబెట్టినచో ఫోను మాటలాడును గాని, బిడ్డ పలికినదానికి బదులు చెప్పదు. రెండేండ్ల లోపలి బిడ్డలకు తెరముందు కూర్చుండుట తగదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2019లో సూచించిరి.

ఇట్టి చిన్న పనులవలన నిజముగా ప్రయోజనము కలుగునా అని ఎవరైన అడిగినచో జమైకా దీవిలో జరిగిన ఒక ప్రయత్నమును చెప్పవచ్చును. పోషణ చాలక పొట్టిగానున్న 9 మొదలు 24 నెలల వయస్సుగల 129 మంది బిడ్డలను కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో ఎన్నుకొనిరి. వారిలో కొందరి ఇండ్లకు సామాన్య ఆరోగ్యకార్యకర్త వారమునకొక గంట చొప్పున రెండేండ్లు పోయి, ఇంటిలో దొరకు వస్తువులతో చేసిన ఆటబొమ్మలతో బిడ్డను ఎట్లు ఆడింపవలెనో తల్లికి చూపెను. 1991లో ప్రకటింపబడిన ఫలితములలో ఆ బిడ్డల వికాసము మెరుగైనట్లు కనబడినది. ఇరువది యేండ్ల తరువాత వారిని వెదకి చూడగా, అట్టి తోడ్పాటు లేనివారికంటె వారి సంపాదన సుమారు నూటికి 25 వంతులు ఎక్కువగానున్నదని 2014లో వెల్లడియైనది. ఖరీదైన యంత్రము లేదు, పెద్ద భవనము లేదు. వారమునకొక గంట, ఓపికగల ఒక మనిషి, నేర్చుకొనదలచిన ఒక తల్లి మాత్రమే.

పట్టణములలో నేడు ప్రైవేటు థెరపీ కేంద్రములు వీధివీధిని వెలయుచున్నవి. వానిలో మంచివి కలవు. ఐనను చేరుటకు ముందు కొన్ని విషయములు విచారించుకొనవలెను. మాట నిపుణులు, మనస్తత్వ చికిత్సకులు, ప్రత్యేక ఉపాధ్యాయులు 1992 నాటి చట్టమువలన ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదైయుండవలెను. ఆ నమోదు సంఖ్యను అడుగుట మన హక్కు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వృత్తులవారికి 2021లో వేరొక చట్టము వచ్చినది. వారిని వారి పట్టా విషయమై అడుగవలెను. బిడ్డను పరీక్షింపకయే గంటల లెక్కను నిర్ణయించువారిని, తల్లిని లోనికి రానీయక తలుపు మూయువారిని, ఏడాది రుసుమును ముందుగా పుచ్చుకొనువారిని, ఇన్ని నెలలలో పూర్తిగా నయము చేయుదుమని మాట ఇచ్చువారిని నమ్మరాదు. ఆటిజమునకు మూలకణముల చికిత్స అని లక్షలు వెచ్చింపజేయుచోట్లు కలవు. దానివలన ఆటిజము తగ్గునని రుజువు కాలేదు. మూడు నెలలకొకమారు లక్ష్యములను మరల చూచి, బిడ్డ ఏమి నేర్చినదో వ్రాసి ఇచ్చెడి కేంద్రము మంచి కేంద్రము. దూరపు ఊళ్లవారు పదునైదు దినములకొకమారు పోయి, ఇంట చేయవలసిన పనులను నేర్చుకొనివచ్చుట చిన్నతనము కాదు. నిత్యము పోలేమని అసలే మానుకొనుటవలననే నష్టము కలుగును.

వ్యయము విషయమున కూడ కొంత ఆసరా కలదు. 1999 నాటి చట్టమువలన ఏర్పడిన నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకముక్రింద ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధివికాస లోపము, బహువైకల్యము గలవారికి ఏడాదికి లక్షరూపాయలవరకు ఆరోగ్యబీమా లభించును. థెరపీ ఖర్చులకు కూడ అందులో చోటున్నది. ఇందులకు వికలత్వ ధ్రువపత్రము కావలెను. ఆ పత్రము పుచ్చుకొన్నచో బిడ్డకు మచ్చపడునని జంకు తలిదండ్రులు కలరు. ఆ జంకు అర్థము చేసికొనదగినదే. ఐనను 2016లో వచ్చి 2017 ఏప్రిలు 19న అమలులోనికి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వికలత్వములను గుర్తించినది. నూటికి 40 వంతులకు తక్కువ కాని వికలత్వముగల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితవిద్య హక్కు అని చెప్పినది. పత్రము లేనిచో ఆ హక్కును అడుగుటకు ఆధారముండదు. మరియొక మాట. థెరపీ మొదలుపెట్టుటకు పత్రము అక్కరలేదు, వ్యాధి పేరు తేలువరకు ఆగనక్కరయు లేదు. మెడ నిలువని బిడ్డకు మెడ నిలుపుట నేడే నేర్పవచ్చును. కారణము రేపు తెలియవచ్చును.

తొలినాటి తోడ్పాటువలన బిడ్డలందరును తోటివారితో సమానులగుదురని మేము చెప్పజాలము. కొందరు పూర్తిగా కలిసికొందురు. కొందరు కొంత వెనుకనే యుందురు. కొందరికి జీవితాంతము ఆసరా కావలెను. చేయూతనిచ్చినచో నడువగలవాడు మంచముపట్టి యుండుటకును, సైగతో ఆకలి చెప్పగలవాడు ఏడ్చి ఏడ్చి నిద్రించుటకును గల భేదము సామాన్యమైనది కాదు. తన చేతితో అన్నము తినుట, తానుగా మరుగుదొడ్డికి పోవుట, అమ్మా అని పిలుచుట – ఇవి ఒక ఇంటి జీవితమునే మార్చివేయును. ఆ మార్పునకు పునాది మొదటి మూడేండ్లలో పడును.

ఈ భారమంతయు తల్లి యొక్కతెయే మోయవలెనని ఎక్కడను లేదు. తండ్రి వారమునకొక దినము బిడ్డను కేంద్రమునకు తీసికొనిపోవచ్చును. తాత సాయంత్రము అరగంట వ్యాయామము చేయింపవచ్చును. అమ్మమ్మ కథ చెప్పుచు మాట నేర్పవచ్చును. అన్నయు అక్కయు ఆటలో చేర్చుకొనవచ్చును. ఇరుగుపొరుగువారమైన మనకును ఒక పని కలదు. ఎదుగుదలలో వెనుకబడిన బిడ్డగల ఇంటికి పోయినపుడు ఆ లోపము ఎవరివలన వచ్చినదని తల్లిని ప్రశ్నింపక, రేపు జిల్లా ఆస్పత్రికి తోడు రావలెనా అమ్మా అని అడుగుదము.